ఏడు సంఘాలు, ఆరు రంగులు

ప్రభాకరరావు మాస్టారు రిటైరై ఆరేళ్లయింది. బడి ఆయన్ని వదిలింది గాని ఆయన బడిని వదల్లేదు. ఇంట్లో మంచినీళ్ల చెంబు పక్కకు జరిగినా పిలిచి హాజరు వేసే మనిషి. అలాంటి మనిషి వారం రోజులుగా పలాసలో తమ ఇంటి వరండాలో ఒక చార్టు ముందేసుకుని కూర్చుని, ఎవరైనా వస్తుంటే దాన్ని పేపరు కింద దాచేస్తున్నారంటే, విజయమ్మకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

"ఏటండీ అది? నేనొత్తే దాసేత్తన్నారు?"

"సంఘం పని."

"సంఘం పనైతే దాసడమెందుకు? అదేటి, దొంగ సంఘమా?"

మాస్టారు జవాబు చెప్పలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన జవాబు చెప్పని సందర్భాలు రెండు. ఒకటి తప్పు తనదైనప్పుడు, రెండోది భయమేసినప్పుడు. ఈసారి ఏదో తెలియక విజయమ్మ పచ్చి జీడిపప్పు ఒలుచుకుంటూ ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది.

పని మాత్రం నిజంగా సంఘం పనే. ఆ చుట్టుపక్కల బాప్టిస్టు సంఘాల్లో ఒక ఆనవాయితీ ఉంది. వేసవి సెలవుల్లో ప్రతి ఆదివారం రెండేసి సంఘాలు ఒక ఊళ్లో కూడతాయి. ఒకరు పిలిచేవాళ్లు, ఒకరు వచ్చేవాళ్లు. కలిసి ఆరాధన చేసుకుంటారు, తర్వాత ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేస్తారు. సెలవులు అయ్యేలోగా ప్రతి సంఘమూ మిగిలిన ప్రతి సంఘంతోనూ ఒక్కసారి కలిసి తినాలి. ఎవరితోనూ రెండుసార్లు కూడదు, ఎవరినీ వదలకూడదు. వీటిని జంట ఆదివారాలంటారు. ఆ పంక్తుల్లోనే సంబంధాలు కుదిరాయి, ఏళ్ల నాటి అలకలు పనసపొట్టు కూర వడ్డించేలోపు తీరిపోయాయి.

ఏ ఆదివారం ఎవరు ఎవరితో అన్నది రాసేది ఇరవై రెండేళ్లుగా మాస్టారే. మొదటి ఏడాది పేర్లు వరసగా రాసుకుంటూ పోయి, ఒక సంఘాన్ని ఒకే ఆదివారం రెండు ఊళ్లకు పంపించేశారు. ఒక ఊళ్లో రెండు వందల మందికి వండిన అన్నం చుట్టాలు రాక చల్లారిపోయింది. ఆ సిగ్గుతో ఆయన కొత్త పద్ధతి కనిపెట్టుకున్నారు. చార్టు మీద ఆరు సంఘాలకు ఆరు చుక్కలు: పలాస, టెక్కలి, నందిగాం, మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు. ప్రతి చుక్క నుంచీ మిగతా ప్రతి చుక్కకూ ఒక గీత. ఆదివారానికొక రంగు పెన్సిలు. ఎర్ర గీతలు కలిపిన జంటలు మొదటి ఆదివారం కలుస్తాయి, నీలం గీతలవి రెండో ఆదివారం. నియమం ఒక్కటే. ఏ చుక్క దగ్గరా ఒకే రంగు రెండుసార్లు తగలకూడదు.

ఆరు చుక్కలు, ఐదు రంగులు. ఒక ఊరి వాళ్లకు ఫలానా ఆదివారం పెళ్లిళ్లున్నాయి, ఇంకొకరికి పరీక్షలున్నాయి, దగ్గరి ఊరితోనే జత వేయమంటే ఏటేటా కొన్ని గీతల రంగులు మార్చాల్సొచ్చేది గాని, చివరికి ఐదు రంగుల్లో అన్నీ ఇమిడిపోయేవి.

ఈ ఏడు, అంటే 2005లో, హరిపురం వాళ్లు కూడా చేరారు. ఏడో చుక్క. ఫిబ్రవరిలో పెద్దలంతా కూర్చున్నప్పుడు మాస్టారే లేచి, "ఒక సంఘం పెరిగింది, ఒక ఆదివారం పెరుగుతుంది, ఆరు ఆదివారాలు. ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నారు. ఒక్కో సంఘం కలవాల్సింది ఆరుగురినే కదా అని అందరూ తలలూపారు. కార్యదర్శి సాల్మన్ రాజు మినిట్సులో రాసేశాడు. మాస్టారు వెళ్లి గోధుమరంగు పెన్సిలొకటి కొనుక్కున్నారు.

ఆ పెన్సిలు సగం అరిగిపోయింది గాని లెక్క కుదరలేదు. ఒక చార్టులో మూడు గీతలు రంగు లేకుండా మిగిలిపోయాయి. చెరిపి మళ్లీ వేస్తే నాలుగు. కొత్త చార్టు తెచ్చి మొదటి నుంచీ వేస్తే మళ్లీ మూడు. ఏ రంగు తీసుకెళ్లి ఆ గీత మీద పెట్టబోయినా ఏదో ఒక చివర ఆ రంగు అప్పటికే కూర్చుని ఉంటుంది.

ఇక్కడ మాస్టారు భయం గురించి చెప్పాలి. ఏడాదిన్నర కిందట ఆయనకు పక్షవాతం కొద్దిగా తగిలి వదిలేసింది. మూతి సర్దుకుంది, చెయ్యి సర్దుకుంది. కాని మొన్న మార్చిలో నందిగాం వెళ్లాల్సిన ఆయన టెక్కలి బస్ కాంప్లెక్సులో దిగిపోయి, ఎందుకు దిగారో తెలియక, ఎక్కడికి వెళ్లాలో గుర్తురాక, అరగంట సేపు సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. పల్లీలు అమ్మే మనిషిని "ఇది ఏ ఊరు బాబూ?" అని అడగాల్సొచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చేతికి అలవాటైన పని కూడా తిరగబడేసరికి ఆయనకు ఒకటే అర్థమైంది. బుర్ర పోతోంది. ముందు ఊరు పోయింది, ఇప్పుడు లెక్క పోయింది, రేపు విజయమ్మ పేరు పోతుంది.

గురువారం పొద్దున సాల్మన్ రాజు వచ్చాడు. మండలాఫీసులో గుమాస్తా, ముప్పై అయిదేళ్లవాడు, మాస్టారి దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడే. వందనాలు చెప్పి, టీ తాగి, మెల్లగా అసలు సంగతికొచ్చాడు.

"శనివారం మీటింగులో పట్టిక సదివీయాల మాస్టారూ. అయిపోనాదేటి?"

"అవుతాదిరా రాజూ. తొందరేటి?"

"తొందరని కాదు. మీరు పెద్దోరు, ఒంట్లో బాగోనేదు, ఇంకా ఎన్నాళ్లని కట్టపడతారు? ఇలాగిచ్చీయండి. ఆఫీసులో కంప్యూటరున్నాది, నేను సూసుకుంటాను."

ఒక్క మాటా కటువుగా లేదు. అందుకే మాస్టారికి కోప్పడే వీలు కూడా దొరకలేదు. "శనివారం దాకా ఆగు. అప్పటికి అవ్వకపోతే నువ్వే తీసుకో," అన్నారు. అతను గేటు దాటాక ఆయన చేతిలోని పెన్సిలు ఎందుకో బరువనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం కృప వచ్చింది. మాస్టారి ఒక్కగానొక్క కూతురు, టెక్కలిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. దూరవిద్యలో ఎమ్.ఫిల్. కూడా చేస్తోంది. దేని మీద అని నిరుడు ఫోనులో ఆయన అడిగితే ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పింది. ఆయన "ఊఁ, ఊఁ, బాగుంది" అని ఫోను విజయమ్మకు ఇచ్చేశారు. అర్థం కాలేదని ఒప్పుకుంటే హెడ్మాస్టరుగిరీ ఏమైపోవాలి?

చెప్పు జారి మంచం కిందికి పోతే దాన్ని తీసుకోబోయి కృప వంగింది. చెప్పుతో పాటు చార్టులు కనిపించాయి. ఒకటి కాదు, పదకొండు. నేల మీద పరిచి చూస్తుంటే మాస్టారు గబగబా లోపలికొచ్చారు.

"అవి ముట్టుకోకు. ఇలాగియ్యి."

"ఉండు నాన్నా."

"ఇయ్యమంటే ఇయ్యవేటి? సిత్తు కాగితాలు అవి!"

కృప తలెత్తి చూసింది. తండ్రి గొంతులో కోపం ఉంది గాని కళ్లలో లేదు. ఆమె చార్టు చేతిలోంచి వదలకపోయేసరికి మాస్టారు మంచం మీద కూలబడ్డారు.

"నా బుర్ర పోనాది తల్లీ," అన్నారు.

ఇక ఆపుకోలేకపోయారు. టెక్కలి కాంప్లెక్సు సంగతి, పల్లీలవాణ్ణి ఊరి పేరడిగిన సంగతి, ఫిబ్రవరిలో అందరూ తలూపిన ఆరు ఆదివారాల సంగతి, ఆ ఆరు రంగుల్లో ఇమడని గీతల సంగతి, కలిపేసి చెప్పేశారు. "రేపు ఆ రాజు నా సేతిలోంచి తీసుకుంటాడు. తీసుకోనీ. పని పోతే పోనాది. మనిషిని పోతన్నాను, అదీ నా బాధ," అన్నారు. వంటింటి గుమ్మంలో విజయమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

కృప వెంటనే ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే మాస్టారు నమ్మేవారు కాదు. పదకొండు చార్టులూ ఒక్కొక్కటే ఎత్తి, ప్రతి చుక్క దగ్గరా వేలు పెట్టి రంగులు లెక్కపెట్టింది. ఆయన పరీక్ష పేపరు దిద్దించుకుంటున్న పిల్లాడిలా చూస్తూ కూర్చున్నారు.

"నాన్నా, ఇందులో ఒక్క తప్పు కూడా నేదు."

"తప్పు నేకపోతే ఎందుకు తెమలదు?"

"అమ్మా, జీడిపిక్కలు ఏడు ఇయ్యి."

విజయమ్మ పిక్కలు తెచ్చి నేల మీద పోసింది. కృప వాటిని తండ్రి ముందుకు జరిపింది. "ఇయ్యి ఏడు సంఘాలు. మొదటి ఆదివారం. జతలు కట్టు."

మాస్టారు రెండేసి పిక్కలు పక్కపక్కన పెట్టారు. మూడు జతలయ్యాయి. ఒకటి మిగిలింది.

"ఇంకోలాగ కట్టు."

మార్చి కట్టారు. మూడు జతలు, ఒకటి మిగిలింది. మూడోసారి కట్టబోయి ఆయన చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"ఎలాగ కట్టినా ఒకటి ఇంట్లో ఉండిపోవాల. ఆదివారానికి మూడు జతలే," అన్నారు నెమ్మదిగా.

"ఆరు ఆదివారాలకి?"

"పద్దెనిమిది."

"నీ చార్టులో గీతలెన్ని?"

లెక్కపెట్టక్కర్లేదు, ఆయనకు కంఠతా వచ్చు. "ఇరవై ఒకటి," అన్నారు. ఇరవై ఒకటిలో పద్దెనిమిది పోతే మూడు. పదకొండు చార్టుల్లో పదే పదే మిగిలిపోయిన ఆ మూడు గీతలు ఆయన వంక చూస్తున్నాయి.

"నువ్వే కాదు నాన్నా, ఎవులొచ్చి కూకున్నా అవ్వదు. రాజు కంప్యూటరొచ్చినా అవ్వదు. మూడుకన్నా తగ్గించడం ఎవులి వల్లా కాదు. నువ్వు మూడు దాకా వొచ్చినావు."

మాస్టారికి ముందు సంతోషం రాలేదు, ఉక్రోషం వచ్చింది. "ఇంత సిన్న లెక్కా? రెండో తరగతి పిల్లలకి సెప్పొచ్చు. నలభై ఏళ్లు సెప్పినోడికి ఇది కూడా తట్టలేదంటే బుర్ర పోనట్టు కాదేటి?"

"ఫిబ్రవరిలో నీ మాటకి ఎంతమంది తలూపినారు?"

"ఇరవై మంది."

"ఇరవై బుర్రలూ పోనాయేటి మరి? ఆరు సుక్కలకి ఐదు సరిపోతే ఏడుకి ఆరు సరిపోతాయనే ఎవులైనా అనుకుంటారు. సరి సంఖ్యకి ఒక రంగు తక్కువైనా సాలుతాది, బేసి సంఖ్యకి సాలదు. నీకు బేసి ఎప్పుడు తగిలింది? ఇరవై రెండేళ్లూ ఆరే కదా."

వంటింట్లోంచి విజయమ్మ, "అదీ సంగతి," అంది, ఏ సంగతో పూర్తిగా అర్థం కాకపోయినా.

కృప ఐదో చార్టూ ఆరో చార్టూ పక్కపక్కన పెట్టింది. "ఇక్కడ ఎర్రది తీసీసి నీలం ఏసినావు. దీనికెలాగ దారి సేసినావు?"

"అదా?" మాస్టారు వంగి వేలు పెట్టారు. "మందస దగ్గర నీలం అడ్డొచ్చినాది. దాన్ని ఎరుపు సేసీసినాను. అప్పుడు దాని రెండో కొసన రెండు ఎరుపులొచ్చాయి. అందులో పాతదాన్ని నీలం సేసినాను. అలాగ ఒకటి ఎరుపు, ఒకటి నీలం, మార్చుకుంటూ పోతే ఎక్కడో ఒక కాడ గొడవ ఆగుతాది. ఊళ్లో తగువు తీర్సినట్టే. ఈడికొకటి ఇచ్చి ఆడి దగ్గరొకటి పుచ్చుకోడం."

"నీకెవులు సెప్పినారిది?"

"ఎవులు సెప్తారు? నానే."

కృప నవ్వబోయి, ఏడుపు వచ్చి, రెండూ కలిసిన మొహంతో సంచిలోంచి తన నోట్సు తీసింది. తెరిచి చూపించింది. చుక్కలు, గీతలు. గీతల మీద రంగులకు బదులు అంకెలు. ఒక అంకె, ఒక అంకె, మార్చుకుంటూ పోయే దారి.

"నా ఎమ్.ఫిల్. ఇదే నాన్నా. గీతలకి రంగులెయ్యడం. నువ్వు ఇప్పుడు సెప్పినదాని మీద నేను నాలుగు పేజీలు రాసినాను. మా గైడు మూడు సబ్జెక్టులు సూపించి ఏదో ఒకటి తీసుకోమన్నారు. ఇది సూడగానే మన వరండా గుర్తొచ్చింది. సిన్నప్పుడు నీ పక్కన కూకుని రంగు పెన్సిళ్లు సెక్కేదాన్ని, అది గుర్తొచ్చి తీసుకున్నాను. నీకు సెప్తే నవ్వుతావని సెప్పలేదు."

మాస్టారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. తుడవాల్సింది అద్దాలు కాదని ముగ్గురికీ తెలుసు. "నేను ఫోనులో ఊఁ కొట్టీసినాను," అన్నారు. "అడగాల్సింది తల్లీ. అడగాల్సింది."

నోట్సు సంచిలో పెడుతూ కృప అంది, "టెక్కలి సంగతి వేరు. దానికి సోమారం డాక్టరు దగ్గరికెళ్దాం, నేను సెలవు పెడతాను. అది ఉన్నాదో నేదో ఆయన సెప్తారు. కాని దాన్నీ దీన్నీ కలిపీకు."

ఆ మాట ఆయనకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేం. ఏమీ లేదని ఆమె కొట్టిపారేయలేదు. ఉన్నదాన్ని ఉన్నంతే చూసింది.

సాయంత్రం ఇద్దరూ కలిసి పన్నెండో చార్టు వేశారు. ఏడు చుక్కలు గుండ్రంగా పెట్టి, ఒకదాన్ని విడిగా ఉంచి మిగిలిన ఆరింటినీ ఎదురెదురుగా కలపమంది కృప. తర్వాతి ఆదివారానికి దాన్ని వదిలి దాని పక్క చుక్కను విడిగా ఉంచాలి, అంతే. ఏడు రంగులు, ఏడు ఆదివారాలు, గీత మిగల్లేదు. ఆ వారం ఇంట్లో ఉండిపోయే సంఘం పేరు మాస్టారు మార్జిన్లో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు.

శనివారం పలాస చర్చిలో పెద్దలంతా కూడారు. ఏడు ఆదివారాలనగానే సాల్మన్ రాజు మినిట్సు పుస్తకం తీశాడు. "ఆరని రాసుకున్నాం కదా మాస్టారూ?"

"రాసుకున్నాం. నేనే సెప్పినాను, తప్పు సెప్పినాను," అన్నారు మాస్టారు. ఇంత తేలికైన మాట కోసం వారం రోజులు ఎందుకు నలిగిపోయానా అనిపించింది ఆయనకు. సంఘానికొక పెద్ద చొప్పున ఏడుగురిని ముందుకు పిలిచి, జతలుగా నిలబడమన్నారు. పెద్దమనుషులు చిన్నపిల్లల్లా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. హరిపురం ఆయన ఒక్కడూ చెయ్యి దొరక్క అటూ ఇటూ చూశాడు. అందరూ నవ్వారు. మాస్టారు లెక్క చెప్పారు. సాల్మన్ రాజు వేళ్ల మీద రెండుసార్లు వేసుకుని, ఆరును కొట్టేసి ఏడు రాశాడు. జూన్ అయిదుతో ముగుస్తుంది, తర్వాతి వారం బళ్లు తెరుస్తారు.

అప్పుడు వెనక తలుపు దగ్గర్నుంచి ఒకాయన లేచి నిలబడ్డాడు. డొంకూరు నుంచి వచ్చిన తవిటయ్య. సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి. వాళ్లకు అక్కడ చర్చి లేదు. ఆయన అరుగు మీద నాలుగు కుటుంబాలు ప్రార్థనకు కూడతాయి. మూడేళ్లుగా జంట ఆదివారాల్లో తమనూ కలుపుకోమని అడుగుతున్నాడు.

"ఈ ఏడన్నా మమ్మల్ని సూడండి బాబూ. మేం నాలుగిళ్లోళ్లమే. ఎక్కువ మందిమి కాం," అన్నాడు.

సాల్మన్ రాజు నొచ్చుకున్నాడు. "ఇప్పుడే సూసినావు గదా తవిటయ్యా. ఒక సంఘం పెరిగితే రెండు ఆదివారాలు పెరిగాయి. ఇంకొకటి పెరిగితే బళ్లు తెరిసీస్తారు. ఆదివారాలేవీ?"

ఆదివారాలు చాలవు. నిరుడు డొంకూరుకు ఆ జవాబు రాసి పంపింది మాస్టారే. మంచి దస్తూరీతో, దేవుని నామమున వందనాలతో. ఇప్పుడు ఆయనకు ఆ దస్తూరీ గుర్తొచ్చి సిగ్గేసింది. చేతిలో చార్టు వైపు చూశారు. మార్జిన్లో ఏడు పేర్లు. ఏ పేరూ రెండుసార్లు లేదు. తలెత్తారు. హరిపురం పెద్ద ఇంకా జత లేకుండా ముందు నిలబడే ఉన్నాడు. తవిటయ్య వెనక ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

"తవిటయ్యా, ఇలా ముందుకు రా," అన్నారు మాస్టారు. "హరిపురం అయ్యగారి పక్కన నిలబడు."

తవిటయ్య బెరుగ్గా వచ్చి నిలబడ్డాడు. హరిపురం ఆయన అతని చెయ్యి అందుకున్నాడు. ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

"ఒక్క ఆదివారం కూడా పెరగదు రాజూ," అన్నారు మాస్టారు. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "వారానికొకరు ఎలాగూ ఇంట్లో ఉండిపోతన్నారు. ఉండిపోయే వాళ్లు డొంకూరు వాళ్లతో కలుస్తారు. ఏడు వారాలకి ఏడుగురూ అయిపోతారు. బేసి కాస్తా సరి అవుతాది."

ఆడవాళ్ల వైపు కృప కూర్చుని ఉంది. ఈ మాట ఆమె ఆయనకు చెప్పలేదు. ఇప్పుడామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తండ్రినే చూస్తోంది. పక్కన విజయమ్మ మాత్రం ఏ మొహమాటం లేకుండా ఏడుస్తోంది.

మాస్టారు చార్టు మడిచి చంకలో పెట్టుకుని, చూడకుండానే చెప్పడం మొదలుపెట్టారు. "మొదటి ఆదివారం. వజ్రపుకొత్తూరు, పలాస. సోంపేట, టెక్కలి. మందస, నందిగాం. హరిపురం, డొంకూరు. రెండో ఆదివారం. టెక్కలి, హరిపురం. నందిగాం, వజ్రపుకొత్తూరు. సోంపేట..."

ఆగిపోయారు. సోంపేటతో కలవాల్సిన ఊరు పేరు రాలేదు. ఆ ఊరు తెలుసు, చర్చి ముందు బావి తెలుసు, పేరు మాత్రం రాలేదు.

"మందస, మాస్టారూ," అన్నాడు సాల్మన్ రాజు మెల్లగా.

"ఆఁ, మందస. బతికించావురా," అని నవ్వి, "పలాస, డొంకూరు. మూడో ఆదివారం..." అంటూ సాగిపోయారు.

అంతా అయ్యాక తవిటయ్య దగ్గరికొచ్చాడు. అన్ని పేర్లూ గబగబా చదివేసరికి అతనికి తమ సంగతి తేలలేదు. "మరి మా ఆదివారం ఏదండీ మాస్టారూ?" అని అడిగాడు.

"ఏడూ మీవే తవిటయ్యా," అన్నారు మాస్టారు. "మీరు పిలిచినప్పుడు అంతమందికి వండడానికి మీ దగ్గర గిన్నెలున్నాయా?"